లాయం గోడ మీద గీతలు: సీమ గుర్రాల ఇంట్లో చారిత్రక ప్రేమ, అపరాధ పరిశోధన నవల రాసే పద్ధతి

పాతకాలపు ప్రేమకథ, ఒక నేరం, గుర్రాలు పెంచే పెద్ద కుటుంబం. ఈ మూడూ కలిపి నవల రాయాలనుకునేవాళ్లలో చాలామంది గుర్రాలను బొమ్మల్లా నిలబెట్టి, ప్రేమను తోటలోనూ హత్యను మేడగదిలోనూ నడుపుతారు. అలాంటి నవలలో గుర్రాలను తీసేసి మామిడితోట పెట్టినా కథేమీ మారదు. లాయం కథ నిలబడాలంటే ప్రేమ, నేరం, ఆధారం మూడూ గుర్రం చాకిరీలోంచే పుట్టాలి. దాణా, నీళ్లు, లాడం, ఎద, ఈత (గుర్రం ఈనడం): మీకు కావలసిన సరుకంతా వీటిలోనే ఉంది. ఒక నమూనా కథ పట్టుకుని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో కింద వివరంగా చెబుతున్నాం.

1. ముందు ఏడాది, తర్వాత ఊరు

పాత్రల పేర్ల కంటే ముందు ఏడాది తేల్చుకోండి. దత్తమండలాల్లో (ఇప్పటి రాయలసీమ ప్రాంతంలో) గుర్రాలున్న ఇంటికి మూడు కాలాలు బాగా నప్పుతాయి. మొదటిది 1839: కర్నూలు కోటలో దాచిన ఫిరంగులు, మందుగుండు బయటపడి, జొహరాపురం పోరు తర్వాత నవాబు గులాం రసూల్ ఖాన్ పట్టుబడిన ఏడాది. రెండోది 1846–47: ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు. మూడోది 1876–77, ధాత కరువు. కరువులో గుర్రాలను మేపడమే పెద్ద కథ అవుతుంది గానీ, ప్రేమకథను అది మింగేస్తుంది. రహస్యం కావాలంటే 1846 మేలు. కలెక్టరు థామస్ మన్రో కాలంలో పాలెగాళ్ల ఆయుధాలు పోయాయి, తవర్జీలు (భరణాలు) మిగిలాయి. యుద్ధాల్లేని ఇంట్లో గుర్రాలు మాత్రం ఉన్నాయి. వాటిని ఎవరికి అమ్మాలి? కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) రిసాలాలకా, అంటే గుర్రపు దళాలకా, కొండల్లో చేరినవాళ్లకా? ఒకే లాయం నుంచి ఇద్దరికీ గుర్రాలు పోతే నేరానికి కారణం దొరికినట్టే.

తేదీలను మూడు లెక్కల్లో రాసుకోండి: ఇంగ్లీషు సంవత్సరం, తెలుగు సంవత్సరం, ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం). ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1846 జూలైలో మొదలయ్యేది 1256 ఫసలీ. 1846 ఉగాది నుంచి పరాభవ, దానికి ముందుది విశ్వావసు. కరణం కవిలెలో (లెక్కల పుస్తకంలో) ఫసలీ పడుతుంది, జేజి (అవ్వ) నోట తెలుగు సంవత్సరం వస్తుంది, కలెక్టరు జాబులో ఇంగ్లీషు తేదీ ఉంటుంది. ఒకే సంఘటనకు ఈ మూడూ పొసగకపోతే అదే ఒక ఆధారంగా వాడుకోవచ్చు.

చంద్రుణ్ణి కూడా సరిచూడండి. శివరాత్రి నాడు వెన్నెల్లో గుర్రం మీద పోతున్న మనిషి ముఖం కనబడిందని రాస్తే, తిథులు తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

ఊరి విషయానికొస్తే, కోయిలకుంట్ల 1846లో కడప జిల్లాలో ఉండేది. కర్నూలులో కలిసింది 1858లో. అనంతపురం జిల్లా 1882 దాకా లేనేలేదు, అదంతా బళ్లారి. ‘రాయలసీమ’ అనే పేరు 1928 నంద్యాల సభతో వాడుకలోకి వచ్చింది కాబట్టి మీ పాత్రల నోట ఆ మాట రాకూడదు. రైలు మార్గం మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు చేరింది 1871లో. 1846లో ఎవరైనా ఎక్కడికైనా పోవాలంటే గుర్రం, ఎద్దుబండి, పల్లకి, లేకపోతే కాలినడక. 1830లో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్రకు కడప మీదుగా అహోబిలం, శ్రీశైలం దారిలో పోతూ మజిలీలు, నీళ్లు, బాటలు రాసిపెట్టాడు. మీ కాలానికి పదహారేళ్ల ముందు దారులెట్లా ఉండేవో దాన్నిబట్టి తెలుస్తుంది. ఊళ్ల పాత కథలకు కడపలోని సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చువేసిన కైఫీయత్తులు చూడండి. మాన్యాలు, కట్టుబడులు, ఎవరి చెరువు ఎవరు తెంపారు లాంటి వివరాలు అక్కడ దొరుకుతాయి.

2. లాయం కట్టండి

కాగితం మీద నిజంగానే గీయండి. పన్నెండు గుర్రాలు చాలు. ఇరవై దాటితే పాఠకుడు గుర్తుపెట్టుకోలేడు, మీకూ గుర్తుండవు. ఒక మగగుర్రం, ఆరు ఆడగుర్రాలు, మూడు పిల్లలు, ఇంటి సవారీకి రెండు. నాటు గుర్రాలు పొట్టివి, గట్టివి. అరబ్బీ గుర్రాలు ఓడల్లో పడమటి తీరానికి వచ్చేవి, ఖరీదెక్కువ.

పన్నెండింటికి రోజుకు ఏం కావాలో లెక్కేయండి. ఒక్కోదానికి ముప్పై లీటర్ల నీళ్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. మొత్తం 360 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల కుండతో ఇరవై నాలుగు కుండలు. ఇవి కపిల బావి (ఎద్దులతో నీళ్లు తోడే బావి) నుంచి రావాలి. కపిల తోలేవాడు తెల్లవారకముందే లేస్తాడు కాబట్టి బావిలో శవాన్ని మొదట చూసేది అతనే అవుతాడు. దాణాకు ఉడికించిన ఉలవలు. కొద్దిగా ఉప్పు, ఎండుగడ్డి, దొరికిన రోజు పచ్చి గరిక. ఉలవలు ముందురోజు నానబెట్టి, పొద్దున ఉడికించి, చల్లార్చి పెడతారు. వేడిగా పెట్టినా, ఒక్కసారే ఎక్కువ పెట్టినా శూల వస్తుంది. గుర్రానికి వాంతి కాదు. తిన్నది విషమైనా, మోతాదు మించినా బయటికి రాదు, అందుకే దానికి కడుపునొప్పి ప్రాణాంతకం.

నేల సంగతి చాలామంది పట్టించుకోరు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు నాపరాయి చవక కాబట్టి బండలు పరిచారని రాసేస్తారు. మూత్రం పడిన నున్నటి బండ మీద లాడం కొట్టిన గిట్ట జారుతుంది. తెలిసినవాళ్లు గుర్రం నిలబడేచోట మొరుసు కొట్టి, నడవకు మాత్రమే బండలు వేస్తారు. ఈ తేడా మీకు పనికొస్తుంది. మొరుసు మీద గిట్ట గుర్తు పడుతుంది, బండ మీద చప్పుడు వినిపిస్తుంది. రాత్రి గుర్రాన్ని చప్పుడు కాకుండా బయటికి తీసుకుపోవాలంటే గిట్టలకు గోనె కట్టాలి, లేకపోతే నడవ దాటకుండా వెనక కంచె తీయాలి. ఏది చేసినా ఒక ఆనవాలు మిగులుతుంది.

3. గుర్రాల పట్టిక: మీ రహస్యమంతా ఇక్కడే

ప్రతి గుర్రానికీ ఒక కాగితం పెట్టుకోండి. రంగు, సుళ్లు, పళ్లను బట్టి వయసు, తల్లి, తండ్రి, చివరిసారి లాడం కొట్టిన రోజు, ఎవరి చేతికి మాలిమి. ఇది పూర్తి చేయకుండా మొదటి అధ్యాయం మొదలుపెట్టకండి.

రంగు: ఒళ్లు, జూలు, తోక, కాళ్లు అన్నీ ఎర్రగా ఉన్న జంటకు ఎప్పుడూ ఎర్రపిల్లే పుడుతుంది. ఎర్ర ఒళ్లుండి జూలు, తోక, మోకాళ్ల కిందిభాగం నల్లగా ఉండే పిల్ల ఆ జంటకు పుట్టదు. పుట్టిందంటే తండ్రి వేరే. దీని కారణం శాస్త్రానికి తెలిసింది ఇరవయ్యో శతాబ్దంలో. అయినా నలభై ఏళ్లు లాయంలో బతికిన సాయిసు (గుర్రాలు చూసుకునే పనివాడు) తాతకు అనుభవంతో తెలిసి ఉంటుంది. అతని చేత కారణం చెప్పించకండి, ‘మన యెర్రదానికి యెర్రోడికి నల్లజూలు ఎప్పుడన్నా పుట్టిందా పాపా?’ అనిపించండి చాలు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అప్పుడే పుట్టిన పిల్ల రంగును నమ్మకూడదు. నల్లకాళ్ల జాతి పిల్ల కూడా పుట్టినప్పుడు లేతరంగు కాళ్లతో ఉండొచ్చు. మూడు నాలుగు నెలలకు తొలి నూగు రాలిపోయాక అసలు రంగు తేలుతుంది. అంటే నిజం పుట్టినరోజునే లాయంలో ఉంటుంది, బయటపడేది ఎండాకాలంలో. రచయిత చేతికి ఇంతకంటే మంచి గడువు దొరకదు.

తెల్లగుర్రాల్లో చాలావరకు పుట్టుకతో తెల్లనివి కావు. నల్లగానో ఎర్రగానో పుట్టి ఏళ్ల మీద తెల్లబడతాయి. నల్లపిల్లగా తప్పిపోయింది పదేళ్లకు తెల్లగుర్రంగా తిరిగొస్తే రంగుతో గుర్తుపట్టలేం, నొసటి సుడి మాత్రం మారదు. మన వైపు ఎద్దు కొనేటప్పుడు ఇప్పటికీ సుళ్లు చూస్తారు కాబట్టి ఈ ఆధారం పాఠకుడికి పరాయిగా అనిపించదు. శుభం, అశుభం అనే నమ్మకాన్ని పాత్రలకు వదిలేయండి, గుర్తింపు పనిని కథకు ఉంచుకోండి.

పళ్లు: ముందుపళ్లలో మధ్య జత రెండున్నర ఏళ్లకు, పక్క జత మూడున్నరకు, మూల జత నాలుగున్నరకు మారతాయి. అయిదుకు నోరు నిండుతుంది. పదేళ్లప్పుడు పై మూలపంటి మీద చిగురు దగ్గర ఒక గాడి మొదలై, పదిహేనుకు సగం దాకా, ఇరవైకి కింది దాకా దిగుతుంది. మోసం చేసే బేరగాళ్లు అరిగిన పంటిని తొలిచి, కాల్చి, నల్లగుంట పెట్టి వయసు తగ్గిస్తారు. గుంటను పెట్టగలరు గానీ పంటి ఆకారాన్ని మార్చలేరు. ముసలి పళ్లు ముందుకు వాలి, పొడుగ్గా, ముక్కోణంగా ఉంటాయి.

గిట్ట: నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. గుర్రానికి పెద్ద జబ్బు చేసినా, దాణా విపరీతంగా మారినా గిట్ట చుట్టూ ఒక కట్టు పడుతుంది. వెంట్రుకల అంచు నుంచి ఆ కట్టు మూడు సెంటీమీటర్ల కింద ఉంటే, ఆ కష్టం మూడు నెలల కిందటిది. ‘మొన్ననే జబ్బు చేసింది’ అన్నవాడి అబద్ధం గుర్రం కాలు ఎత్తగానే దొరికిపోతుంది. లాడం ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మారాలి. లాడాలు కొట్టే సాయిబు తన మేకుల వరసను ఎక్కడున్నా గుర్తుపడతాడు.

చూలు: సుమారు పదకొండు నెలలు, లెక్కకు 340 రోజులు పెట్టుకోండి, రెండు మూడు వారాలు అటూ ఇటూ.

4. నేరాన్ని వెనక నుంచి అల్లండి

పైవన్నీ కలిపి నమూనా కథ చూడండి. 1846 శివరాత్రి, ఫిబ్రవరి చివరి వారం. ఆ రాత్రి ఇంటి పెద్ద బావిలో పడి చనిపోయాడు. అదే రాత్రి ఎదలో ఉన్న ఎర్ర ఆడగుర్రం లాయంలో లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. కరణం కవిలెలో మాత్రం ‘ఆ వారమే ఇంటి ఎర్ర మగగుర్రంతో దాటించారు’ (జత కట్టించారు) అని ఉంది. జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి, అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడటం. 340 రోజుల లెక్కన 1847 జనవరి చివర గుర్రం ఈనింది. ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి. ఊరంతా ఆ దుఃఖంలో ఉండగా లాయంలో పిల్ల పెరుగుతోంది. మే నెలకు దాని కాళ్లు నల్లబడ్డాయి. అంటే తల్లి ఆ రాత్రి వేరే మగగుర్రం ఉన్న చోటికి పోయింది. ఎవరు తీసుకుపోయారు? పెద్దాయన ఎవర్ని చూశాడు?

కాలం, దూరం కుదురుతున్నాయా చూడండి. గుర్రం నడక గంటకు ఆరేడు కిలోమీటర్లు, దుడుకు నడక పన్నెండు పదమూడు. పూర్తి పరుగు నలభై దాటుతుంది గానీ ఆ వేగంతో రెండు మూడు కిలోమీటర్లకే అలిసిపోతుంది. చీకట్లో, బాట సరిగా లేని నేల మీద, నడకా పరుగూ కలిపి ఎనిమిది కిలోమీటర్లే వేయండి. పోను ఇరవై అయిదు, రాను ఇరవై అయిదు అయితే ఆరు గంటలకు పైన. శివరాత్రి నాటి చీకటికి సరిపోతుంది. తెల్లారి ఆ గుర్రం జీను వేసిన చోట చెమట ఆరిన తెల్లటి ఉప్పు చారలతో ఉంటుంది, ఉలవలు ముట్టదు, నీళ్ల తొట్టి దగ్గర ఎక్కువసేపు నిలబడుతుంది. ఇది రెండో అధ్యాయంలో ఒక్క వాక్యంగా, వేరే మాటల మధ్య పోనివ్వండి.

ఇప్పుడు కవిలెకు ఎదురు సాక్ష్యం కావాలి. కథానాయికకు చదువు రాదు. ఆ కాలపు ఇంట్లో అదే సహజం. ఏ ఆడగుర్రం ఏ రోజు ఎదకొచ్చిందో, ఏ రోజు దాటించారో లాయం గోడ మీద జేగురుతో (ఎర్రమట్టితో) గీతలు గీస్తుంది. ఒక్కో గుర్రానికి ఒక వరస, అమావాస్యకు ఒక సున్నా, దాటించిన రోజుకు అడ్డగీత. శివరాత్రి వారంలో ఆ ఎర్రగుర్రం వరసలో అడ్డగీత లేదు. కవిలె ఒకటి చెబుతుంది, గోడ ఇంకొకటి చెబుతుంది. సంక్రాంతికి ఇల్లంతా సున్నం కొడుతూ లాయాన్ని కూడా ఎవరో అడిగి మరీ కొట్టిస్తారు. దోషి ఎవరో పాఠకుడికి అందే మొదటి కొస అది. గోడను ముందే రెండు మూడుసార్లు మామూలుగా చూపించి ఉంచాలి, లేకపోతే సున్నం కొట్టడం పాఠకుడి కంట పడదు.

పరిశోధించేది ఎవరు? అప్పటికి ఇప్పటి తరహా పోలీసు లేదు. మద్రాసు పోలీసు చట్టం 1859లో వచ్చింది. వేలిముద్రలు ఇంకా తర్వాతి మాట. తలారి, రెడ్డి, కరణం, పైన తహసీల్దారు. వీళ్లలో ఒకరికైనా నిజం బయటపడకపోవడం వల్ల లాభం ఉండాలి. ‘గుర్రం సకిలించలేదు కాబట్టి దొంగ ఇంటివాడే’ అనే ఆధారం మాత్రం వద్దు. అరిగిపోయింది, పైగా గుర్రం కొత్తవాణ్ణి చూసిన ప్రతిసారీ సకిలించదు.

చావు మీద చావు పేర్చకండి. ఒక మనిషి, మహా అయితే ఒక గుర్రం. గుర్రాన్ని చంపాలంటే గన్నేరాకు చాలు, ఎండినా దాని విషం పోదు. కానీ గుర్రం చేదు గన్నేరును తనంతట తాను తినదు. ఎండుగడ్డిలో కలిసి ఉండాలి, ఆ గడ్డిమోపు ఎవరు తెచ్చారో ఎవరో ఒకరికి తెలుస్తుంది.

5. ప్రేమ

ఆమె చిన్నవయసులోనే భర్త పోయిన ఇంటి ఆడబిడ్డ. అతను కుంఫిణీ తరఫున గుర్రాలు చూడవచ్చిన సాలోత్రి (గుర్రాల వైద్యుడు). గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు కాలం నుంచి అక్కడ స్థిరపడ్డ మరాఠీ కుటుంబం. ఇద్దరి మధ్యా అడ్డు నిజమైనది. మారుమనువు కొన్ని కులాల్లో ఉన్నా పాలెగాళ్ల ఇంట్లో పరువు ఒప్పదు. వితంతు వివాహ చట్టం 1856 దాకా రాదు. అతనికి ఆమె మీద ఇష్టమున్నా, ఆ లాయం గుర్రాలు ఎటు పోతున్నాయో తేల్చి చెప్పడమే అతని ఉద్యోగం. ప్రేమించినవాడే ఇంటిని పట్టించగలవాడు కావడం ఈ కథకు బలం.

వాళ్లను చెరువుగట్టు మీద కలపకండి. పని దగ్గర కలపండి. అన్నిటికంటే మంచి సన్నివేశం ఈత రాత్రి. దాని క్రమం మీకు సరిగ్గా తెలియాలి. ఒకటి రెండు రోజుల ముందు చన్నుల కొనల మీద మైనంలాంటి పొక్కు కడుతుంది. ఈత ఎక్కువగా రాత్రే. గుర్రం పడుకుంటుంది, లేస్తుంది, తోక పక్కకు పెడుతుంది, పక్కలు చూసుకుంటుంది, చెమట పడుతుంది. ఉమ్మనీరు పోయాక ఇరవై ముప్పై నిమిషాల్లో పిల్ల బయటపడాలి. ముందు ఒక గిట్ట, కొంచెం వెనగ్గా రెండో గిట్ట, వాటి మీద ముక్కు. గంటలో పిల్ల నిలబడాలి, రెండు గంటల్లో పాలు కుడవాలి, మూడు గంటల్లో మావి పడాలి. మావి పూర్తిగా వచ్చిందో లేదో నేల మీద పరిచి చూస్తారు. చిన్న ముక్క లోపల ఉండిపోయినా తల్లికి జ్వరం, గిట్టల జబ్బు.

ఈ మూడు గంటలూ వాళ్లిద్దరూ ఆముదపు దీపం దగ్గర ఉంటారు, సాయిసు తాత కూడా అక్కడే ఉంటాడు. ఒంటరిగా వదలకండి, ఆ కాలంలో వదలరు. మాటలు పని గురించే ఉండాలి. మొదటి గంట ఆమె ఆజ్ఞాపిస్తుంది, అతను వింటాడు. పిల్ల నిలబడటానికి రెండుసార్లు పడిపోయినప్పుడు ఇద్దరి చేతులూ ఒకేసారి చాచి, ఇద్దరూ వెనక్కి తీసుకుంటారు. పిల్లను దానంతట దాన్నే లేవనివ్వాలని ఇద్దరికీ తెలుసు. ఆ సన్నివేశానికి ఇంతకంటే వర్ణన అక్కర్లేదు. తర్వాత ఆమె పిల్ల నొసటి సుడి చూస్తుంది, అతను పళ్లు లేని చిగుళ్లు చూస్తాడు. పాఠకుడికి మాత్రం ఆ పిల్లే ఆధారమని తెలియకూడదు.

సాన్నిహిత్యం పెరిగేకొద్దీ ఆమె పనులు అతని చేతికి మారాలి. మొదట తాడు కూడా ఇవ్వదు. తర్వాత నీళ్ల తొట్టి. చివరికి జేగురు ముద్ద.

6. అధ్యాయాల కొలత

ఇరవై నాలుగు అధ్యాయాలు, ఒక్కోటి రెండున్నర వేల మాటలు, మొత్తం అరవై వేలు. మొదటి ఆరింట్లో మరణం, లాయం పని, గోడ, సాలోత్రి రాక. ఏడు నుంచి పన్నెండు దాకా ఖజానా దాడి, ఇంట్లో చీలిక, మొదటి తప్పుడు అనుమానం. పదమూడులో ఈత. పద్నాలుగు నుంచి పందొమ్మిది మధ్య ఉరి, ఊరి మౌనం, సున్నం సంగతి మీద ఆమెకు కలిగే అనుమానం. ఇరవైలో పిల్ల రంగు. ఆధారాలన్నీ పంతొమ్మిదికి ముందే పాఠకుడి కంట పడి ఉండాలి. నరసింహారెడ్డిని వేదిక మీదికి తేవద్దు. ఆయన గురించి ఊరు ఏమనుకుంటోందో చాలు. మీ కల్పిత నేరంలో ఆయనకు భాగం అంటగట్టడం చరిత్రకూ అన్యాయం, కథకూ భారం.

7. మాట తీరు

కథనం మామూలు తెలుగులో, సంభాషణ ఆ ఊరి మాటలో. ‘యాడికి పొయ్యింటివి రాత్రి?’ ‘యాడికీ పోలే జేజీ, బావి కాడనే ఉంటి.’ ఈ మోతాదు చాలు. ప్రతి మాటా యాసలో ముంచితే చదవడం కష్టమవుతుంది. సాయిసును ఆమె ‘తాతా’ అంటుంది, అతను ఆమెను ‘పాపా’ అంటాడు. సాలోత్రి మొదట్లో ఆమెతో నేరుగా మాట్లాడడు. ‘పాపను అడుగు తాతా, దాణా ఎప్పుడు పెట్టినారో’ అని సాయిసు మీదుగా అడుగుతాడు.

కాలం తప్పే వస్తువులు ఏరిపారేయండి: లాంతరులో కిరసనాయిలు, అగ్గిపెట్టె, కాఫీ, అనంతపురం దారిలో వేరుశనగ చేలు. ఇవేవీ 1846 పల్లెకు చెందవు. కొర్ర, జొన్న, సజ్జ, ఆముదం, పత్తి, చెకుముకి రాయి ఉంచండి. డబ్బు కుంఫిణీ రూపాయల్లో, పెద్దవాళ్ల నోట వరహాల్లో. వరహాకు మూడున్నర రూపాయలు.

8. రాసిన తర్వాత

మొదటి ప్రతి పూర్తయ్యాక మూడుసార్లు చదవండి, ఒక్కోసారి ఒక్కటే వెతుకుతూ. మొదటిసారి గుర్రాలు: ఎదకొచ్చిన గుర్రం మూడు వారాల తర్వాత మళ్లీ ఎదకొచ్చిందా, చూలుతో ఉన్నదాన్ని ఎవరైనా నెలలు నిండాక పరుగెత్తించారా. రెండోసారి తేదీలు, తిథులు. మూడోసారి ఒక్కో పాత్రకు ఏ క్షణాన ఏం తెలుసో. సాయిసుకు రంగు సంగతి ముందే తెలిస్తే ఎందుకు నోరు విప్పలేదో కారణం ఉండాలి. ‘నూగు రాలేదాకా చెప్పకూడదు’ అనుకున్నాడా, ఎవరినైనా కాపాడుతున్నాడా తేల్చుకుని, దానికి ముందే ఒక చిన్న సూచన పెట్టండి.

తర్వాత ప్రతిని ఇద్దరికి ఇవ్వండి. ఒకరు గుర్రాలో ఎద్దులో పెంచినవాళ్లు, ఇంకొకరు కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు పెద్దవాళ్లు. కథ బాగుందా అని అడగకండి. ఎక్కడ నమ్మబుద్ధి కాలేదో అక్కడ పెన్సిలుతో గీత పెట్టమనండి. ఇద్దరూ గీత పెట్టిన పేజీలను మళ్లీ రాయండి, ఒక్కరే పెట్టిన చోట వాళ్లతో మాట్లాడి తేల్చుకోండి.